మలుపులో మినుకుమన్న ఎర్ర లైటు

సూర్యాపేట దాటి కార్లో విజయవాడ వైపు వెళ్తున్నాం. మలుపు తిరిగినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు మినుకుమంటోంది. టెన్షన్ పుట్టి, సమంగా ఉన్నచోట పక్కకు ఆపి ఇంజిన్ కట్టేశాను. పది నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీస్తే కొసన తడి మాత్రమే! తుడవకుండా చూస్తే లెక్క తప్పుతుంది.

ఆటోలో బంకుకెళ్లి మాన్యువల్‌లో రాసిన 5డబ్ల్యూ-30 రకం ఆయిల్ లీటరు డబ్బా తెచ్చాను. కొంచెం పోయడం, కాసేపాగి చూడడం. మొత్తం పోస్తే డిప్‌స్టిక్ మీది రెండు గీతల మధ్యకొచ్చింది. పై గీత దాటినా ముప్పే, ఇంజిన్‌లో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్, తగిలి ఆయిల్ నురగ కడుతుంది.

ఊరెళ్లాక కిందకి దూరి చూస్తే పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు దగ్గర చెమ్మ. గత సర్వీసులో పాత వాషరే బిగించారట! కొత్తది వేయించాక కారడం ఆగింది. ఇప్పుడు నెలకోసారి, పొద్దున్నే బండి తీయకముందే చూస్తున్నాను.