సప్లై కంపెనీ విసా మీద ఎమిరేట్స్‌కు (యూఏఈ) వచ్చే మన శ్రీకాకుళం జిల్లా వాళ్లకు

సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డింగో ఫిట్టింగో రిగ్గింగో నేర్చుకుని వచ్చిన కుర్రాళ్లకు ఇక్కడ ముందుగా తలుపు తీసేది చాలాసార్లు సప్లై కంపెనీయే. అందులో చేరడం తప్పు కాదు. ఎవరు యజమానో తెలియకుండా చేరడమే తప్పు.

సప్లై కంపెనీలో విసా ఒకరిది, పని ఇంకొకరిది. మీ లేబర్ కార్డు, జీతం, క్యాంపు, బస్సు అన్నీ సప్లై కంపెనీ చూస్తుంది. మీరు పనిచేసేది మాత్రం క్లయింటు సైట్‌లో, వాళ్ల ఫోర్‌మన్ కింద. గంటకు ఇంత అని క్లయింటు కంపెనీకి కడతాడు. అందులో తన వాటా ఉంచుకుని మిగిలింది కంపెనీ మీకిస్తుంది. అందుకే అదే సైట్‌లో, అదే పైపు మీద పక్కన నిలబడి వెల్డింగు చేసే క్లయింటు సొంత మనిషి జీతం మీ జీతం కంటే ఎక్కువుండొచ్చు.

ఇలా మనుషుల్ని వేరే సైట్లకు పంపాలంటే కంపెనీకి ఎమిరేట్స్ కార్మిక శాఖ నుంచి తాత్కాలిక ఉపాధికి ప్రత్యేకంగా లైసెన్సు ఉండాలి. అది లేని కంపెనీ మిమ్మల్ని ఇంకొకరి సైట్‌కు పంపితే, తనిఖీలో దొరికేది మీరే. విజిట్ విసా మీద పనిలో దిగడం అంతకంటే ప్రమాదం. అలా పని చేయించుకున్న యజమానికి 2024 సవరణ తర్వాత లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంది, కానీ విమానం ఎక్కించి పంపేసేది మిమ్మల్ని. ‘ముందు విజిట్ మీద వచ్చేయ్, తర్వాత మార్చేస్తాం’ అని ఊళ్లో ఏజెంటు అంటే ఒప్పుకోవద్దు.

ఏజెంటు డబ్బు సంగతి. మన దేశంలో లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంతా కలిపి 35,400. రసీదు ఇవ్వాలి. ఆయన పేరు, లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనబడాలి. లక్ష, లక్షన్నర అడిగేవాడు సాధారణంగా లైసెన్సు లేని సబ్ ఏజెంటు. ఇక్కడి చట్టం ప్రకారమైతే నియామకం ఖర్చు మీనుంచి రాబట్టే హక్కు కంపెనీకి లేదు. విసా ఖర్చని నెలనెలా జీతంలో కోసుకుంటే ఫిర్యాదు చేయొచ్చు.

మేలు కూడా ఉంది, దాచిపెట్టక్కర్లేదు. సప్లై కంపెనీలు త్వరగా తీసుకుంటాయి. రిఫైనరీ షట్‌డౌన్లు (మరమ్మతులకు ప్లాంటు ఆపడం) ఉన్న నెలల్లో ఓవర్‌టైమ్ బాగా దొరుకుతుంది. రెండేళ్లలో నాలుగైదు రకాల సైట్లు, రకరకాల పైపులు, ప్రొసీజర్లు చేతికి అలవాటవుతాయి. 6జీ టెస్టు (ఏటవాలుగా బిగించిన పైపు మీద చేసే కష్టమైన వెల్డింగు పరీక్ష) పాసైన వెల్డర్‌కు ఇది మంచి మెట్టు. ఏ చేతిపనీ నేర్చుకోకుండా హెల్పర్‌గా వచ్చేవాళ్లకు మాత్రం సప్లై కంపెనీని మేం సిఫారసు చేయం. పని తగ్గితే ముందు క్యాంపులో కూర్చోబెట్టేది వాళ్లనే.

ఇక అసలు కీలకం బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల జీతం. ఆఫర్ లెటర్‌లో ‘మొత్తం 1,600 దిర్హాములు’ అన్న అంకె చూసి సంతకం పెట్టకండి. ఒక కంపెనీ 960 బేసిక్, 640 అలవెన్సు రాస్తుంది. ఇంకొకటి 1,200 బేసిక్, 400 అలవెన్సు. మొత్తం ఒకటే. బేసిక్‌ను 30 రోజులకు, 8 గంటలకు భాగిస్తే మొదటిదాంట్లో గంటకు 4 దిర్హాములు, రెండోదాంట్లో 5. ఓవర్‌టైమ్‌కు దీని మీద కనీసం 25 శాతం కలపాలి, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య అయితే 50 శాతం. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు చేస్తే ఒకరికి 260, ఇంకొకరికి 325. ఏడాది నిండాక లెక్కకొచ్చే గ్రాట్యుటీ (పని మానేటప్పుడు ఇచ్చే డబ్బు) మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్. అంటే ఒకరికి 672, ఇంకొకరికి 840. ఓవర్‌టైమ్, గ్రాట్యుటీ కలిపి రెండేళ్లకు ఈ తేడా 1,900 దిర్హాముల దాకా పోతుంది. పనిలో ప్రాణం పోతే కుటుంబానికి వచ్చే 24 నెలల పరిహారాన్ని లెక్కగట్టేదీ బేసిక్ మీదే, కనిష్ఠం 18,000 దిర్హాములు, గరిష్ఠం రెండు లక్షలు. ఆఫర్ లెటర్ హిందీలో కూడా అడగొచ్చు. విమానం ఎక్కేముందు ఫోటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి. ఇక్కడికొచ్చాక పెట్టే ఒప్పందంలో అంకెలు దానితో సరిపోవాలి.

గొడవలన్నిట్లోకీ ఎక్కువ గొడవ గంటల దగ్గరే. ఫోర్‌మన్ రాసిన టైమ్‌షీట్ క్లయింటు ఆఫీసుకు, అక్కడినుంచి సప్లై కంపెనీకి వెళ్లేసరికి పది గంటలు ఎనిమిదవుతాయి. అడిగితే ‘క్లయింటు అంతే పంపాడు’ అంటారు, క్లయింటేమో మీ కంపెనీని అడగమంటాడు. కాబట్టి చిన్న నోటుబుక్కులో తేదీ, సైట్ పేరు, ఎక్కిన టైము, దిగిన టైము, ఫోర్‌మన్ పేరు ఏ రోజుకారోజు రాసుకోండి. టైమ్‌షీట్ మీద సంతకం పెట్టేముందు ఫోటో తీయండి. ఖాళీ షీటు మీద ఎప్పుడూ సంతకం వద్దు.

సైట్ లేక క్యాంపులో ఖాళీగా ఉన్న రోజుల సంగతి చేరకముందే అడగాలి. లెటర్‌లో నెలజీతం రాసుంటే, సైట్ దొరకకపోవడం కంపెనీ తలనొప్పి, మీది కాదు. గంటల లెక్కన మాత్రమే ఇస్తామన్న చోట నెలకు కనీసం ఎన్ని గంటలో రాయించుకోండి. జీతం బ్యాంకు ద్వారా, డబ్ల్యూపీఎస్‌లో (జీతాల చెల్లింపును ప్రభుత్వం గమనించే పద్ధతి) పడాలి. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే హక్కు కంపెనీకి లేదు.

దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు మీ యజమానిదే, అంటే సప్లై కంపెనీది. చికిత్స కాలానికి ఆరు నెలల దాకా పూర్తి జీతం, అప్పటికీ నయం కాకపోతే ఇంకో ఆరు నెలలు సగం జీతం. ఆ రోజే సైట్ సేఫ్టీ ఆఫీసర్ దగ్గర ప్రమాదం నమోదు చేయించండి. లేకపోతే ‘క్యాంపులో పడ్డాడు’ అనే మాట పుడుతుంది.

వేరే కంపెనీకి మారడం సంగతి. ప్రొబేషన్ ఆరు నెలలకు మించదు. ఆ లోపు ఇక్కడే మారితే నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. నియామకం ఖర్చు కొత్త కంపెనీ పాత కంపెనీకి కట్టాల్సి రావచ్చు. దేశం వదిలి వెళ్లిపోవాలంటే 14 రోజులు చాలు. చెప్పకుండా వెళ్లిపోతే పరారీ కేసు పెడతారు, తర్వాత విసా దొరకడం కష్టం. జీతం తగాదాలు కార్మిక శాఖకు 600590000 నంబరులో చెప్పొచ్చు. 50,000 దిర్హాములు మించని తగాదాను ఆ శాఖే తేల్చేస్తుంది. భారతీయుల సహాయ కేంద్రం నంబరు 80046342, హిందీలో మాట్లాడొచ్చు.

ఉద్దానం వాళ్లకు ఇంకో మాట. సప్లై మనుషులకు వేసవిలో దొరికేవి ఎక్కువగా ఎండలో పనులే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఆరుబయట పని నిషేధం. కానీ మిగతా గంటల వేడి కూడా తక్కువది కాదు. మన వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో చెప్పక్కర్లేదు. బయల్దేరేముందు పలాసలోనో శ్రీకాకుళంలోనో సీరం క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి, ఆ కాగితం వెంట తెచ్చుకోండి. సైట్‌లో దాహం వేసేదాకా ఆగకుండా గంటగంటకూ నీళ్లు తాగండి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కొనుక్కుని రోజూ మింగడం వద్దు. నీళ్లు చాలని ఒంటికి ఆ మాత్రలు తోడైతే కిడ్నీలు దెబ్బతింటాయి.