అంచులు చెదరని జింజర్‌బ్రెడ్ కుకీలు

క్రిస్మస్ జింజర్‌బ్రెడ్ కుకీల్లో అందరూ ఐసింగ్ గురించే టెన్షన్ పడతారు కానీ, అసలు కిటుకంతా పిండిని చల్లబరచడంలోనే ఉంది.

115 గ్రాముల మెత్తటి వెన్న, 100 గ్రాముల బ్రౌన్ షుగర్ బాగా గిలక్కొట్టి, ఒక గుడ్డు, 160 గ్రాముల మొలాసిస్ (చెరకు రసం నుంచి పంచదార తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం) కలపండి. వేరే గిన్నెలో 375 గ్రాముల మైదా, రెండేసి టీస్పూన్ల శొంఠి పొడి, దాల్చినచెక్క పొడి, అర టీస్పూన్ లవంగాల పొడి, అర టీస్పూన్ వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి ఆ వెన్న మిశ్రమంలో వేసి ముద్దలా కలపండి. ముద్ద జిగటగానే ఉంటుంది, కంగారుపడి ఇంకా మైదా పోయకండి, కుకీలు గట్టిపడిపోతాయి.

ముద్దను బిళ్లలా నొక్కి, కవర్ చుట్టి కనీసం రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఈ మాట దయచేసి దాటవేయొద్దు, ఎందుకంటే వెన్న గట్టిపడకపోతే అది ఓవెన్‌లో త్వరగా కరిగి, మీరు ముచ్చటపడి కోసిన నక్షత్రం కాస్తా గుండ్రంగా పరుచుకుపోతుంది. తర్వాత 6 మిల్లీమీటర్ల మందంలో ఒత్తి, కట్టర్‌తో కోసి, కోసినవాటిని మళ్లీ పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిది.

175 డిగ్రీల సెల్సియస్‌లో 8 నుంచి 10 నిమిషాలు చాలు. మధ్యలో కాస్త మెత్తగా అనిపించినా తీసేయండి, చల్లారాక గట్టిపడతాయి.

పూర్తిగా చల్లారాకే ఐసింగ్. మెరింగ్ పౌడర్ (ఎండబెట్టిన గుడ్డు తెల్లసొనతో చేసిన పొడి), పంచదార పొడి, కొద్దిగా నీళ్లు కలిపి గిలక్కొట్టండి, పచ్చి గుడ్డు భయం ఉండదు. ముందు చిక్కటి ఐసింగ్‌తో అంచులు గీసి, ఆరాక, కొంచెం పల్చన చేసి లోపల నింపండి. డబ్బాలో సర్దేముందు రాత్రంతా ఆరనివ్వండి.