బరంపురం అప్పడాలకి ఫోన్‌లో యాడ్ ఇచ్చే పద్ధతి

యాడ్‌కి రూపాయి పెట్టేముందు పెద్ద కంపెనీలు ఏం చేస్తున్నాయో చూడండి. ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీది యాడ్ లైబ్రరీ అని ఒక సైటు ఉంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. దేశం ఇండియా అని పెట్టి ఏ పచ్చళ్ల కంపెనీ పేరు కొట్టినా ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రస్తుతం నడుస్తున్న వాళ్ల యాడ్‌లు వస్తాయి, మొదలైన తేదీతో సహా. నెలల తరబడి నడుస్తున్నవాటిని శ్రద్ధగా చూడండి. అమ్మకం తేని యాడ్ మీద ఎవరూ అంతకాలం డబ్బు పొయ్యరు. ఒకే సరుకుకి నాలుగైదు వీడియోలు వదిలి, బాగా ఆడినదాన్ని ఉంచి మిగతావి ఆపేస్తారు. మనకి రెండు చాలు. మా అత్తగారు అప్పడాలు ఒత్తుతున్నది ఒకటి, అవి నూనెలో పొంగుతున్నది ఒకటి తీశాను.

ఒడిశాలో ఉన్న మన బరంపురంలో అసలు చూసుకోవలసింది భాష. ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలామంది ఒడియాలో చదువుకున్నవాళ్లే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదవడం మాత్రం రాదు. మా ఆయనా అంతే. తెలుగు అక్షరాలతో ఎంత అందమైన పోస్టర్ చేయించినా వాళ్లు దాటుకుని వెళ్లిపోతారు. అదే అత్తగారు "మినప్పిండి అప్పడాలమ్మా, నిన్ననే ఎండినవి" అంటే ఆగి వింటారు. అందుకే మాట తెలుగులో, ధర అంకెల్లో, కింద ఒక లైను ఒడియాలో ఉంచండి. వాళ్ల ఫోన్లు ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటాయి కాబట్టి, యాడ్‌లు పెట్టే యాడ్స్ మేనేజర్‌లో భాష దగ్గర తెలుగు అని ఎంచకండి, ఖాళీగా వదిలెయ్యండి. మ్యాప్ మీద పిన్ పెట్టి ఊరిని ఎంచుకోండి. ఆంధ్రాలోని ఇచ్ఛాపురం, సోంపేట వైపు మాత్రం వేరే యాడ్ పెట్టి తెలుగులో రాయండి. సూరత్‌ని మరిచిపోకండి. అక్కడి మిల్లుల్లో మన గంజాం జిల్లా వాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లకి ఒడియా మాటలతో వీడియో చేసి, కొరియర్ ఖర్చు ముందే చెప్పండి.

డబ్బు తీసుకుని పోస్టుని ఎక్కువమందికి చూపించే బూస్ట్ బటన్ పోస్టు కింద కనిపిస్తుంది, తొందరపడి నొక్కొద్దు. యాడ్స్ మేనేజర్‌లో యాడ్ లక్ష్యం దగ్గర ఎంగేజ్‌మెంట్ అని ఎంచి, మెసేజ్‌లు వచ్చే చోటుగా వాట్సాప్‌ని కలపండి. లైకులతో మనకేం పని, ఆర్డరు కావాలి. 500 రూపాయల యాడ్‌కి 18 శాతం జీఎస్టీతో 590 అవుతుంది, లెక్కలో వేసుకోండి. ప్యాకెట్ మీది 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు వీడియోలో కనిపించాలి. తెలియని దుకాణం నుంచి తినేది కొనేవాళ్లకి అదే ధైర్యం.

ఆర్డరు ఇచ్చిన ప్రతి ఒక్కరినీ మీ నంబరు సేవ్ చేసుకోమని అడగండి. ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టొచ్చు గానీ, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. ఎండాకాలం వడియాలు సిద్ధమైనప్పుడు ముందు వాళ్లకి చెప్పండి, దానికి యాడ్ ఖర్చు ఉండదు.