అత్యవసర జనరేటర్ల డీజిల్‌లో నీటిని కనిపెట్టి తొలగించే విధానం

అణు విద్యుత్ కేంద్రానికి బయటి సరఫరా ఆగిపోయినప్పుడు రియాక్టర్‌ను చల్లబరిచే పంపులకు అత్యవసర డీజిల్ జనరేటర్లే ఆధారం కాబట్టి, వాటి ఇంధనంలో చేరిన కొద్దిపాటి నీటిని కూడా తేలికగా తీసుకోకూడదు. ట్యాంకులోని గాలిలో ఉన్న తేమ చల్లబడి గోడలపై చెమర్చుతుంది, డీజిల్ కంటే బరువైనది కనుక అడుగుకు దిగుతుంది; నీరూ డీజిలూ కలిసే ఆ పొరలోనే సూక్ష్మజీవులు పెరిగి, ఫిల్టర్లను మూసివేసే జిగురును పుట్టిస్తాయి.

అందువల్ల నమూనాను ట్యాంకు అడుగునుంచే తీయండి. పైభాగం నుంచి తీసిన నమూనా ఎంత స్వచ్ఛంగా ఉన్నా దాన్ని నమ్మి ఊరుకోవడం ప్రమాదకరమని నా అభిప్రాయం. గాజు సీసాలో పట్టి, గుండ్రంగా తిప్పి, వెలుతురుకు ఎదురుగా చూసినప్పుడు మసకగా కనిపించినా, అడుగున బొట్లు చేరినా నీరు ఉందని అనుమానించి ప్రయోగశాలకు పంపాలి. కొత్త ఇంధనాన్ని ట్యాంకర్ నుంచి దించకముందే పరీక్షించాలి.

అమెరికా అణు నియంత్రణ సంస్థ ప్రామాణిక నిబంధనలలో డే ట్యాంకులో (జనరేటర్‌కు నేరుగా ఇంధనం అందించే చిన్న ట్యాంకులో) చేరిన నీటిని 31 రోజులకొకసారి పరిశీలించి తొలగించే పద్ధతి ఉంది. అడుగు వాల్వు తెరిచి, స్వచ్ఛమైన డీజిల్ వచ్చేవరకు వదిలి, వచ్చిన నీటి పరిమాణాన్ని ప్రతిసారీ నమోదు చేయండి. అది పెరుగుతూ ఉంటే గాలిగొట్టాన్నీ మూత సీలునూ వెంటనే తనిఖీ చేయించండి.