ఇంగ్లండ్‌లో కౌన్సిల్ ఎన్నికల ఓటు: నమోదు ఐదు నిమిషాల పని, జాగ్రత్త పడాల్సింది పేరు దగ్గర

ఈస్ట్‌హామ్‌లో ఒక పోలింగ్ రోజు సాయంత్రం బూత్ గేటు దగ్గర మన అమ్మాయి ఒకామె పిల్లాడి బండి తోసుకుంటూ వెనక్కి వచ్చేస్తోంది. జాబితాలో పేరుంది, ఎన్నిక వివరాలు తెలిపే పోల్ కార్డు కూడా ఇంటికి వచ్చింది. కానీ చేతిలో ఉన్నది ఆధార్, ఫోన్‌లో పాస్‌పోర్టు ఫొటో. రెండూ పనికిరావన్నారు. అసలు పాస్‌పోర్టు ఇంట్లో బీరువాలో ఉంది. "తెచ్చుకుని మళ్లీ రావచ్చమ్మా, రాత్రి పదింటి దాకా టైముంది" అని చెప్పాను. పిల్లాడు అప్పటికే ఏడుపు అందుకున్నాడు. ఆమె తిరిగి రాలేదు. ఓటు నమోదు చేయించినందుకు ఒకాయనకి 20 పౌండ్లు ఇచ్చానని కూడా చెప్పింది. అందుకే ఇది రాస్తున్నాను. నమోదుకు ఎవరికీ ఒక్క పెన్నీ కూడా ఇవ్వక్కర్లేదు.

ముందు అర్హత. భారతదేశం కామన్వెల్త్‌లో ఉంది కాబట్టి, ఇక్కడ ఉండటానికి చెల్లుబాటయ్యే వీసా ఉన్న భారత పౌరులు 18 ఏళ్లు నిండితే ఓటు వేయొచ్చు. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా, డిపెండెంట్ వీసా ఏదైనా సరే. కౌన్సిల్ (స్థానిక సంస్థ) ఎన్నికలకే కాదు, పార్లమెంటు ఎన్నికలకూ ఈ హక్కు ఉంది. ఓటు నమోదు చేస్తే ఐఎల్‌ఆర్‌కి (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి) అడ్డొస్తుందని, ఇండియా పౌరసత్వం పోతుందని రూముల్లో చెప్పుకుంటుంటారు. రెండూ నిజం కాదు, భయపడకండి. వీసా లేకుండా ఉన్నవాళ్లు మాత్రం నమోదు జోలికి పోవద్దు. తప్పుడు వివరాలివ్వడం ఇక్కడ నేరం.

దరఖాస్తు ఇక్కడి ప్రభుత్వ సైటు గవ్ డాట్ యూకేలో ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, జాతీయత, ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) నంబరు అడుగుతారు. షేరింగ్ ఇంట్లో ఉన్నా ఎవరి దరఖాస్తు వాళ్లే పెట్టాలి, ఇంటి ఓనరు మీ తరఫున చేయలేడు. కొత్తగా వచ్చిన డిపెండెంట్లకు ఎన్‌ఐ నంబరు ఉండకపోవచ్చు. లేదని రాసి పంపొచ్చు. అప్పుడు గుర్తింపు పత్రాలు పంపమని కౌన్సిల్ అడగొచ్చు. ఆ ఉత్తరం గుమ్మం దగ్గర పిజ్జా కరపత్రాల్లో కలిసిపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఓ రెండు వారాలు పోస్టు మీద కన్నేసి ఉంచండి.

ఇక మనవాళ్లు నిజంగా తడబడేది పేరు దగ్గర. దరఖాస్తులో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని వేరువేరు గడులుంటాయి. మనకేమో ఇంటిపేరు ముందొస్తుంది. ఒకరు అలవాటుగా ఇంటిపేరును మొదటి గడిలో పెడతారు, ఇంకొకరు దాన్ని పొడి అక్షరంగా రాస్తారు, మరొకరు ఆఫీసులో పిలిచే పొట్టి పేరు ఇస్తారు. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉండగా, దరఖాస్తులో భర్త ఇంటిపేరు రాసినవాళ్లూ ఉన్నారు. బూత్‌లో మీరు చూపించే గుర్తింపు పత్రం మీద పేరును జాబితాలో పేరుతో పోల్చి చూస్తారు. చిన్న తేడా అయితే అక్కడి అధికారి సరిపెట్టుకోవచ్చు, మనిషే వేరనిపించేంత తేడా ఉంటే ఆపేస్తారు. కాబట్టి పాస్‌పోర్టు ఫొటో పేజీ తెరిచి ఎదురుగా పెట్టుకుని, సర్‌నేమ్ అని ఉన్నది చివరి పేరు గడిలో, గివెన్ నేమ్ అని ఉన్నది ముందు గడుల్లో అక్షరం పొల్లుపోకుండా దించండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు కౌన్సిల్ ఎన్నికల విభాగానికి ఫోన్ చేసి, ఎలా రాయాలో అడిగాకే నింపండి. పెళ్లి తర్వాత పేరు మారి, గుర్తింపు పత్రం మీద పాత పేరే ఉంటే మ్యారేజ్ సర్టిఫికెట్ వెంట తీసుకెళ్లండి.

బూత్‌లో ఫొటో గుర్తింపు అడగడం 2023 మే ఎన్నికలతో మొదలైంది. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, కానీ అసలుదే కావాలి, జిరాక్సు గానీ ఫోన్‌లో ఫొటో గానీ కుదరదు. గడువు తీరినదైనా అందులో ముఖం మీదేనని తెలిస్తే చాలు. వీసాకి ఆధారంగా ఇచ్చిన పాత బీఆర్‌పీ కార్డుకీ అంతే, దాచుకుని ఉంటే పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో ఉండే ఈ-వీసా పనికిరాదు. ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు ప్రొవిజనల్‌దైనా సరే, హైదరాబాద్‌లో తీసుకున్నది మాత్రం ఒప్పుకోరు. ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే) కార్డు, కాలేజీ ఐడీ, ఇండియా ఓటరు కార్డు కూడా అంతే.

పాస్‌పోర్టు రెన్యువల్‌కి పంపేసి, చేతిలో వేరే కార్డేదీ లేకపోతే? బూత్‌లో గుర్తింపుగా చూపించే ఓటర్ అథారిటీ సర్టిఫికెట్ అని ఒకటుంది. ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, ఒక ఫొటో కావాలి, అదీ ఉచితమే. దాన్ని ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లూ తయారయ్యారు, ఇవ్వకండి. ఓటు నమోదు కాకుండా ఇది రాదు.

గడువులు పని దినాల్లో లెక్కిస్తారు, బ్యాంకు సెలవులు కలవవు. నమోదుకు పోలింగ్‌కి 12 పని దినాల ముందు అర్ధరాత్రి దాకా, పోస్టల్ ఓటుకు 11 పని దినాల ముందు సాయంత్రం 5 దాకా, ఈ సర్టిఫికెట్‌కి 6 పని దినాల ముందు సాయంత్రం 5 దాకా. 2026 మే 7 ఎన్నికనే తీసుకుంటే అవి ఏప్రిల్ 20, 21, 28 తేదీలవుతాయి.

పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. ఈవీఎం ఉండదు, వేలికి సిరా పెట్టరు. కాగితం, పెన్సిల్ ఉంటాయి, నచ్చిన పేరు ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టాలి. లండన్ బరోల్లో (నగరంలోని కౌన్సిల్ ప్రాంతాల్లో) చాలా వార్డులకు ఇద్దరు ముగ్గురు కౌన్సిలర్లుంటారు, ఎంతమందికి వేయొచ్చో కాగితం పైనే రాసి ఉంటుంది. తక్కువ వేసినా ఫర్వాలేదు, ఎక్కువ వేస్తే ఆ ఓటు చెల్లదు. ఈస్ట్‌హామ్ ఉన్న న్యూహామ్ బరోలో మేయర్‌కి వేరే కాగితం ఇస్తారు. పది కొట్టేసరికి వరుసలో నిలబడి ఉంటే ఓటు వేయనిస్తారు. పోల్ కార్డు పోయినా ఇబ్బంది లేదు, పాస్‌పోర్టు మాత్రం ముందు రోజు రాత్రే బ్యాగులో పెట్టుకోండి.