పాత ఫైబర్ బోటు వేగం అందుకోకపోతే ఇంజన్ విప్పే ముందు వెనుక పలకను చూడండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధం మన తీరంలో పాత బోట్లు చేతులు మారే కాలం కూడా. ఉప్పాడ నుంచి నిజాంపట్నం వరకు ఒడ్డుకు లాగిన ఫైబర్ బోట్లకు ఆ రెండు నెలల్లో కొత్త రంగులు పడతాయి, బేరాలు కుదురుతాయి. కొన్నవారు మంచు పెట్టె, జీపీఎస్, చేపల జాడ చూపే సోనార్, కొత్త తాళ్లు అమర్చుకుని నిషేధం ముగిసే రోజు కోసం ఎదురు చూస్తారు. వేట మొదలైన వారం పది రోజులకు నా దగ్గరకు వచ్చే ఫిర్యాదు మాత్రం ఏటా ఒకటే: బోటు వేగం అందుకుని నీటి మీదికి లేవడం లేదు, ముక్కు ఆకాశం చూస్తోంది, ఇంజన్‌లో బలం లేదు. ఇక్కడ రాస్తున్నది 20 నుంచి 28 అడుగుల పొడవుండి, వెనుక పలకకు అవుట్‌బోర్డ్ మోటారు తగిలించిన బోట్ల గురించి మాత్రమే.

ముందుగా అయిదు నిమిషాల్లో తేలిపోయే తనిఖీలు

వీటిని దాటవేసి నేరుగా కార్బురేటర్ విప్పేవారిని చూసి విసిగిపోయాను. ప్రొపెల్లర్‌ను ఊడదీసి, దాని వెనుక ఇరుసుకు నైలాన్ వల పోగు చుట్టుకుందేమో చూడండి. అది వేగాన్ని తగ్గించడంతో ఆగదు, ఆయిల్ సీలును కోసి గేరు పెట్టెలోకి ఉప్పునీటిని కూడా పంపుతుంది. బోటు అడుగున గుల్లలు పట్టి ఉంటే గీకి తీసేయండి. పది పదిహేను నిమిషాలు బాగా నడిచి ఆ తర్వాత ఇంజన్ ఆగిపోతుంటే, ట్యాంకు నుంచి ఇంజన్‌కు ఇంధనం తెచ్చే గొట్టం మీది రబ్బరు బుడ్డి నొక్కుకుపోయి ఉంటే, ట్యాంకు మూత మీది గాలి మరను తిప్పారో లేదో చూడండి. ఆ ఒక్క మర తిప్పనందుకు ఇంజన్‌ను మెకానిక్ దగ్గరకు మోసుకెళ్లినవారు నాకు లెక్కలేనంతమంది తెలుసు.

ఆ తర్వాత ఇంజన్ మోత వినండి. పూర్తి రేజులో మోత బాగా పెరిగి వేగం మాత్రం పెరగకపోతే ప్రొపెల్లర్ లోపలి రబ్బరు జారుతోందని, లేదా మోటారు మరీ ఎత్తున బిగించడం వల్ల గాలి పీలుస్తోందని అనుకోవచ్చు. మోత పెరగకుండా బరువు లాగుతున్నట్టు మూలుగుతుంటే, ఇంజన్ నిజంగానే బరువు లాగుతోంది. ఆ బరువు ఎక్కడుందో వెతకాలి.

అసలు దొంగ: తడిసిన వెనుక పలక

మోటారు తగిలే వెనుక పలక బయటికి ఫైబర్‌లా కనిపిస్తుంది కానీ చాలా బోట్లలో దాని నడుమ ప్లైవుడ్ ఉంటుంది. రెండు వైపులా ఫైబర్ పొరలు, మధ్యలో చెక్క, పైన జెల్‌కోటు అనే నున్నటి రెసిన్ పూత. ఆ చెక్కకు నీరు తగలనంత కాలం పలక రాయిలా ఉంటుంది. ఒక్క మేకు రంధ్రం నుంచి నీరు లోపలికి వెళ్లినా అది బయటికి వచ్చే దారి ఉండదు. చెక్క ఏళ్ల తరబడి నానుతూ కుళ్లి చివరికి తడి పేడలా తయారవుతుంది. రెండు పక్కలా ఫైబర్ చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక బయట నిలబడి చూసేవారికి ఏమీ తెలియదు, పైగా అమ్మేవారు వేసిన కొత్త రంగు మిగిలిన ఆనవాళ్లను కూడా కప్పేస్తుంది.

నేను దీని చేతిలో దెబ్బ తిన్న బోటు కాకినాడ దగ్గరిది. స్పార్క్ ప్లగ్గులు మార్చాను, ప్రొపెల్లర్ మార్చాను, కార్బురేటర్‌ను రెండుసార్లు శుభ్రం చేశాను. మంచు పెట్టెను వెనుక నుంచి ముందుకు జరిపితే బోటు కొంచెం బాగా నడిచింది కనుక సమస్య బరువు సర్దుబాటులోనే ఉందని తేల్చేశాను. యజమాని సీజన్ మొదట్లో రెండు వారాల వేట పోగొట్టుకున్నాడు. నిజానికి మంచు పెట్టె జరపడం వల్ల రోగం తగ్గలేదు, లక్షణం మాత్రమే తగ్గింది. పలక మెత్తబడి, ఇంజన్ నెట్టిన ప్రతిసారీ పైభాగం వెనక్కి వంగుతోంది. దానితో మోటారు కోణం మారి ప్రొపెల్లర్ తోపు బోటును సూటిగా ముందుకు నెట్టలేకపోతోంది, నీరు పీల్చిన చెక్క బరువు వెనుక భాగాన్ని కిందికి దించి ముక్కును పైకి ఎత్తుతోంది. ఒడ్డున దిమ్మెల మీద ఉన్నప్పుడు ఆ వంపు కనబడదు, నీళ్లలో రేజు ఇచ్చినప్పుడే వస్తుంది. అందుకే నాకు అంత ఆలస్యంగా అర్థమైంది.

దీనిని ఒక నిమిషంలో పట్టుకోవచ్చు. మోటారును నడిచే భంగిమలో దించి, దాని కాలి కింది కొసను రెండు చేతులా పట్టుకుని గట్టిగా ముందుకూ వెనక్కూ ఊపుతూ, పలక పై అంచును మరొకరిని చూడమనండి. 9.9 హార్స్‌పవర్ నాలుగు స్ట్రోకుల మోటారు దాదాపు 40 కిలోలు ఉంటుంది. దాని కాలును ఊపితే గట్టి పలక వెంట్రుక వాసి కూడా కదలకూడదు. పలక కదిలినా, బోల్టు వాషర్లు ఫైబర్‌లోకి కూరుకుపోయి కనిపించినా, బోల్టుల చుట్టూ సన్నని గీతల్లాంటి పగుళ్లు ఉన్నా ఇంజన్ జోలికి వెళ్లకండి. తర్వాత చిన్న చెక్క సుత్తితో పలకంతా తట్టండి. గట్టి చోట ఖణేల్‌మని పలుకుతుంది, కుళ్లిన చోట మొద్దుగా, మూగగా వినిపిస్తుంది. అనుమానం తీరకపోతే లోపలి వైపు నుంచి, బోటు అడుగు భాగానికి రెండు అంగుళాల ఎత్తున, లోపల చేరిన నీటిని వదిలే బిరడాకు పక్కగా 6 మిల్లీమీటర్ల డ్రిల్లు వేయండి. బయటి పొర దాకా వెళ్లకుండా డ్రిల్లుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. పొట్టు పొడిగా, లేత గోధుమ రంగులో రాలితే మీ పలక బాగుంది. నల్లగా, తడిగా, పులిసిన వాసనతో వస్తే ఇక వెతకనక్కర్లేదు. పైభాగంలో డ్రిల్లు వేసి బాగుందని సంతోషపడేవారున్నారు, కానీ నీరు ఎప్పుడూ కిందికే చేరుతుంది.

నీరు లోపలికి వెళ్లే దారి మోటారు బోల్టుల దగ్గర ఉంటుందని అందరూ అనుకుంటారు. కానీ వాటికి ఎవరో ఒకరు నీరు చొరకుండా సీలెంట్ పూసే ఉంటారు. నేను తెరిచి చూసిన పలకల్లో ఎక్కువసార్లు దొరికిన దారి సోనార్ కన్ను బిగించిన చిన్న స్క్రూల రంధ్రాలు, లేదా పాత యజమాని వేరే మోటారు కోసం వేసి పుట్టీతో పూడ్చి వదిలేసిన రంధ్రాలు. ఆ తర్వాతి స్థానం నీటి బిరడా గొట్టం చుట్టూ ఉండే అతుకుది.

బాగు చేసే పద్ధతి

బయట నుంచి ఇంకో పొర ఫైబర్ వేసి రంధ్రాలు మూసేయడం చాలామంది చేసే పని, అన్నిటికంటే చెడ్డ పని కూడా అదే, ఎందుకంటే లోపలి తడిని దాంతో శాశ్వతంగా బంధించినట్టవుతుంది. మోటారు దించి, లోపలి ఫైబర్ పొరను అంచుల్లో మూడు అంగుళాలు వదిలి గ్రైండర్‌తో కోయాలి. బయటి పొరను ముట్టుకోకూడదు, బోటు ఆకారాన్ని నిలిపేది అదే. కుళ్లిన చెక్కనంతా ఉలితో తవ్వి తీసేసి, పొరను మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లవి రెండు అతికిస్తే 36 మిల్లీమీటర్లు వస్తుంది. తీసేసిన చెక్క మందం అంతకంటే ఎక్కువుంటే దానికి సరిపోయేలా పెంచాలి. కొత్త చెక్క అంచులకు పాలియెస్టర్ రెసిన్ బాగా పట్టించి, పొడి కలిపి చిక్కబరిచిన రెసిన్‌లో దాన్ని కూర్చి, క్లాంపులతో బిగించాలి. లోపలి పొరను తిరిగి అతికేటప్పుడు పాత ఫైబర్‌ను దాని మందానికి 12 రెట్లు వెడల్పుగా ఏటవాలుగా అరగదీయాలి, అంటే 5 మిల్లీమీటర్ల పొరకు 60 మిల్లీమీటర్లు.

మే నెల ఎండలో రెసిన్ చేతిలోనే గడ్డకడుతుంది కనుక తెల్లవారుజామున, నీడలో పని చేస్తూ, కిలో రెసిన్‌కు హార్డ్‌నర్ 10 గ్రాముల దగ్గరే ఉంచండి, అంతకంటే తగ్గిస్తే రెసిన్ సరిగా గట్టిపడదు. రెసిన్ త్వరగా గట్టిపడేందుకు విడిగా అమ్మే కోబాల్ట్ ద్రవాన్ని కలపవలసి వస్తే ముందుగా రెసిన్‌లో పూర్తిగా కలిపిన తర్వాతే హార్డ్‌నర్ వేయాలి. ఈ రెండూ నేరుగా కలిస్తే పేలతాయి, కాబట్టి వాటి డబ్బాలను పక్కపక్కన కూడా పెట్టవద్దు.

బోల్టు రంధ్రాలను మాత్రం ఎపాక్సీతో చేయించండి. 12 మిల్లీమీటర్ల బోల్టుకు ముందు 18 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 12 వేయాలి. అప్పుడు బోల్టు వదులైనా నీరు ఎపాక్సీని తాకుతుందే గానీ చెక్కను తాకదు. ఎపాక్సీ మీద పాలియెస్టర్ రెసిన్ నమ్మకంగా అంటదు కనుక ఈ పని చివర్లో ఉంచుకోండి. బిగించేటప్పుడు సిలికాన్ కాకుండా పాలియురేథేన్ సీలెంట్ వాడండి. సోనార్ కన్నును నేరుగా పలకకు కాకుండా, పలకకు అతికించిన ఒక ప్లాస్టిక్ ముక్కకు బిగిస్తే మళ్లీ స్క్రూ రంధ్రాలు పడవు.

మోటారు తిరిగి ఎక్కించినప్పుడు ప్రొపెల్లర్ పైనుండే అడ్డపలక బోటు అడుగుతో దాదాపు సమంగా ఉండాలి. మోటారు కాలుకు ఉండే జింక్ ముక్కకు రంగు వేయవద్దు, అది తాను అరిగి మోటారును కాపాడే ముక్క.

మిగిలినవి

అడుగున నీరు చేరుతుంటే ముందుగా బిరడా వాషర్‌ను మార్చండి. అయినా తగ్గకపోతే ఒడ్డున బోటులో మూడు అంగుళాల మంచినీరు పోసి బయట ఎక్కడ చెమ్మ వస్తుందో చూడండి, నిండా పోసి అడుగును వంచుకోవద్దు. మోటారు నుంచి వచ్చే నీటి ధార ఆగిపోతే, ఇంజన్‌ను చల్లబరిచే నీటిని తోడే ఇంపెల్లర్ (రబ్బరు చక్రం) పోయి ఉండవచ్చు లేదా నీటి దారి పూడి ఉండవచ్చు, వెంటనే ఇంజన్ ఆపండి. స్టార్టు కొట్టగానే జీపీఎస్ ఆరిపోతుంటే బ్యాటరీ కొసల మీది పచ్చటి చిలుమును గీకేయండి. అడుగు వంగిపోవడం, లోపలి వెన్ను దూలం చీలడం వంటివి ఉంటాయి కానీ అరుదు, పైవన్నీ చూశాక కూడా ఏదీ దొరకకపోతేనే వాటి గురించి ఆలోచించండి.

పలక మార్చిన బోటుతో మొదటి వేట నుంచి తిరిగి రాగానే మోటారు బోల్టులను మళ్లీ ఒకసారి బిగించండి; కొత్త పలక మొదటి వారంలో కొద్దిగా అణగుతుంది.