హెడ్‌ఫోన్స్‌లో సరౌండ్ తేడాగా ఉందా? అది ఎన్ని చోట్ల ఆన్ అయి ఉందో ముందు చూడండి

"అన్నా, ఎనక నడిచేవాడి అడుగులు ముందు నుంచి వినపడతా ఉండాయి, హెడ్‌సెట్ పోయినట్టుండాది" అంటా కావలి నుంచి, కందుకూరు నుంచి పిల్లోళ్ళు నా దగ్గరికి బాక్సుతో సహా పట్టుకొస్తారు. హెడ్‌సెట్‌కి ఏమీ కాదు, దాదాపు ప్రతిసారీ సరౌండ్ సెట్టింగే, అంటే సౌండ్ మన చుట్టూ ఏ దిక్కు నుంచి వస్తుందో తెలిసేట్టు చేసేది.

ముందు ఇవి చూడండి

ఆర్ అని ఉన్నది కుడి చెవికే పెట్టారా, పిన్ను టక్కుమని లోపలిదాకా పోయిందా. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆఫ్‌లో ఉందా, అది ఆన్‌లో ఉంటే రెండు చెవుల్లోనూ ఒకటే సౌండ్, ఇంక దిక్కు ఎక్కడ తెలుస్తుంది? 7.1 (చుట్టూ ఏడు స్పీకర్లు, ఒక బేస్ స్పీకర్ ఉన్నట్టు వినిపించే సరౌండ్) అని రాసున్న యూఎస్‌బీ హెడ్‌సెట్‌ని 3.5 ఎంఎం పిన్నుతో పెట్టి సరౌండ్ రాలేదంటారు, ఎట్లా వస్తుంది, మామూలుగా ఆ పని చేసేది యూఎస్‌బీ ముక్క, దాని సాఫ్ట్‌వేర్. ఎక్కువ హెడ్‌సెట్లలో చెవికి ఒక్క స్పీకరే ఉంటుంది, అందుకే చుట్టూ ఉన్నట్టు సాఫ్ట్‌వేరే లెక్కగట్టి పుట్టించాలి, దాన్నే వర్చువల్ సరౌండ్ అంటారు.

సమస్య: సౌండ్ రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది, ఎడమా కుడీ తెలుస్తున్నాయి గానీ ముందూ వెనకా తెలియట్లేదు

దీంతో నేను చాలా తిప్పలు పడ్డా, అందుకే వివరంగా చెప్తున్నా. ఎడమా కుడీ మనకి ముఖ్యంగా రెండు చెవులకీ సౌండ్ చేరే టైమ్‌లో, గట్టితనంలో ఉండే తేడా వల్ల తెలుస్తాయి. ముందూ వెనకా, పైనా కిందా తెలిసేది ఎక్కువగా చెవి డొప్ప ఆకారం వల్ల, ఏ వైపు నుంచి వచ్చిందాన్నిబట్టి అది సౌండ్‌ని కొద్దికొద్దిగా మారుస్తుంది. వర్చువల్ సరౌండ్ ఈ తేడాలనీ ఆ మార్పునీ లెక్కగట్టి సౌండ్‌కి కలుపుతుంది, ఆ లెక్కనే హెచ్ఆర్‌టీఎఫ్ అంటారు. ఇది ఒక్కసారే జరగాలి. గేమ్‌లో హెచ్ఆర్‌టీఎఫ్ ఆన్, విండోస్‌లోనే ఉండే సరౌండ్ సెట్టింగ్ విండోస్ సోనిక్ ఆన్, హెడ్‌సెట్ యాప్‌లో 7.1 కూడా ఆన్ అయితే, చేపల పులుసులో ఒకరు చింతపండు పోసింది తెలియక ఇంకొకరు పోసినట్టే. ఎక్కువ పెడితే ఎక్కువ సరౌండ్ వస్తుందనుకోకండి, ఉన్నది కూడా పోతుంది.

ఇందులో దొంగ ఇంకొకడున్నాడు. పై మూడూ చాలామంది చూస్తారు, నాలుగోది చూడరు: లాప్‌టాప్‌తోనే వచ్చే ఆడియో యాప్. మీరు దాన్ని ఎప్పుడూ తెరిచి ఉండరు, డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక ఒక్కోసారి అందులో సరౌండ్ దానంతటదే ఆన్ అయి కూర్చునుంటుంది. "నిన్నటిదాకా బానే ఉండింది" అన్నారంటే నేను ఫస్ట్ తెరిచేది దాన్నే.

పరిష్కారం

నాలుగు చోట్లా ఆఫ్ చేసి మామూలు స్టీరియోలో కాసేపు వినండి. అప్పుడు డబ్బా సౌండ్ పోయిందంటే కారణం దొరికినట్టే, ఇంక ఒక్కటే ఆన్ చేసుకోండి. ఏది అంటే, వాలరెంట్ లాగా గేమ్‌లోనే హెచ్ఆర్‌టీఎఫ్ ఉంటే అదే ఉంచండి, ఏ సౌండ్ ఎంత ఎత్తులో, ఏ మూల నుంచి వస్తుందో ఆ గేమ్‌కే కదా తెలిసేది. గేమ్‌లో అది లేకపోతే విండోస్ సోనిక్ ఆన్ చేసి, గేమ్ ఆడియోలో 7.1 ఉంటే అది పెట్టండి. గేమ్ స్టీరియోనే పంపిస్తుంటే వెనకాల సౌండ్ ఎక్కడనుంచి పుడుతుంది? సినిమాకీ అంతే, ఫైల్‌లో 5.1 లాంటి సరౌండ్ సౌండ్ ఉంటేనే సోనిక్‌తో లాభం. పాటలకి ఆఫే మేలు.

తర్వాత ఫ్రెండ్‌ని గేమ్‌లో మీ చుట్టూ నడవమనండి, మీరు కళ్ళు మూసుకుని ఎటున్నాడో చెప్పండి.

సమస్య: బ్లూటూత్‌లో మైక్ ఆన్ చేయగానే సౌండ్ ఫోన్ కాల్ లాగా అయిపోతుంది

చాలా హెడ్‌సెట్లు మైక్ వాడితే కాల్ మోడ్‌లోకి పోయి మోనో అయిపోతాయి. మైక్ వేరేది పెట్టుకోండి, లేకపోతే వైరు హెడ్‌సెట్ వాడండి.

డ్రైవర్ పాడవడం, లోపల వైరు తెగడం అరుదు, వేరే సిస్టమ్‌కి పెట్టి చూస్తే తేలిపోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా ముందూ వెనకా తెలియకపోతే ఆ లెక్క మీ చెవి ఆకారానికి కుదరలేదన్నమాట, సోనిక్ బదులు అదే పని చేసే డాల్బీ గానీ డీటీఎస్ గానీ మార్చి చూడండి, వాటికి డబ్బులు కట్టాలి, ట్రయల్ ఉంటే విన్నాకే కొనండి.